చర్చి కిటికీలో గోలీల సీసా

ఎడపల్లి
20 జనవరి 2024

పిట్టవ్వా,

ఎట్లున్నావు బిడ్డా? ఇక్కడ మేము ఉన్నాం. బాగున్నామని రాయడానికి చెయ్యి రాలేదు, అందుకని ఉన్నామని రాశాను.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని అనుకుంటావేమో. నువ్వు ఫోనులో అవ్వా అనగానే, కన్నకడుపు కదా, నాకు ఏడుపు వస్తుంది. నేను ఏడిస్తే నువ్వు ఏడుస్తావు. ఇద్దరం పెట్టేస్తాం. మీ అన్న జాన్సన్ పోయి నెల దాటింది, మనం ఇంతవరకు ఒక్క మాట కుదురుగా మాట్లాడుకోలేదు. కాగితం మీదైతే ఏడ్చినా మాట మిగులుతుంది. సండే స్కూలు టీచరమ్మ నేర్పిన అక్షరాలు ఇవే నాకు. తప్పులుంటే దిద్దుకుని చదువు. కవరు కోసం పోతే పోస్టు రామ్‌దాసు ఒకటే నవ్వు. "ఏం సాయవ్వా, ఈ కాలంల ఉత్తరాలు రాస్తున్నవ్? నా నౌకరి నువ్వే నిలబెట్టేటట్టున్నవ్" అన్నాడు.

చెరుకు కోతలు జోరుగా ఉన్నాయి. మీ వదిన నవత నాట్లకు పోతోంది. పోవద్దంటే, "ఇంట్ల కూసుంటే పిచ్చి లేస్తది అత్తమ్మా" అంటుంది. వాళ్ల బిడ్డ కెజియా బడికి పోతోంది. మీ అన్న నడిపిన ట్రాక్టరు ఇప్పుడు వేరే వాళ్లు నడుపుతున్నారు. కానీ హారను అదే కదా. అది వినబడగానే పిల్ల గేటు దాకా ఉరికి, మళ్లీ తలవంచుకుని వస్తుంది. ఆ హారను తీసేయమని సేటును అడుగుదామంటే మీ బాపు వద్దన్నాడు. ఆయనకు కూడా అది వినాలని ఉందేమో.

చర్చిలో నా గోలీల సీసా నిండింది. నీకు ఎరుకే కదా, అన్నం వండే ముందు గిన్నెలో నుంచి పిడికెడు బియ్యం తీసి పక్కకు పెట్టి, ఆదివారం స్త్రీల సమాజానికి ఇస్తాం. గతిలేని వాళ్లకు పోతుంది అది. గోలీలకు కూడా అట్లాగే చేద్దామని నేనే అన్నాను. ఎవరు దవాఖానకు పోయినా మందుల పత్తాలో కొన్ని గోలీలు పక్కకు తీసి సీసాలో వేస్తారు. జ్వరం వచ్చిన వాళ్లు తీసుకుపోతారు. అయ్యగారు ప్రసంగంలో నా పేరు చెప్పి మెచ్చుకున్నారు. మీ అన్న కాలిలో చెరుకు మోడు దిగినప్పుడు మన ఊళ్లో బండి మీద తిరిగే ఆత్మారాం డాక్టరు ఇచ్చిన గోలీలలో నుంచి కూడా తీశాం. నొప్పి తగ్గింది కదా అని వాడే తుంపి ఇచ్చాడు. "అవ్వా, ఇగో నీ పిడికెడు" అని నవ్వాడు. ఆ నవ్వు నా కళ్ల ముందే ఉంది.

ఒక మాట అడగాలని ఈ ఉత్తరం. నిజామాబాదులో పెద్ద డాక్టరు నీతో ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడాడు. నువ్వు బయటకు వచ్చి "మందులు పనిచేస్తలేవవ్వా" అన్నావు. ఆ ఒక్క మాట మీద నేను ఇన్ని రోజులు నడుస్తున్నాను. మందు ఎందుకు పనిచేయదు బిడ్డా? ఆకలికి అన్నం పనిచేయకుండా పోతుందా? ఒక్క చిన్న గోలీ కడుపులోకి పోయి కాలి పుండు ఎక్కడుందో ఎట్లా కనుక్కుంటుంది? కనుక్కున్నది ఎందుకు ఊరికే తిరిగి వచ్చింది? నువ్వు ఆ పనిలోనే ఉన్నావు. నాకు అర్థమయ్యేటట్టు రాయి.

పైలం, జాగ్రత్తగా ఉండు.

నీ అవ్వ


హైదరాబాద్
27 జనవరి 2024

అవ్వా,

హాస్టలు బల్ల మీద నా పేరుతో కవరు చూసి కోర్టు నోటీసనుకుని భయపడ్డాను. నీ అక్షరాలు గుర్తుపట్టి మెట్ల మీదే కూర్చుని చదివాను.

నా పని గురించి నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. నువ్వు ఊళ్లో మా దీవెన సూదులు ఇస్తుందని చెబుతావు. నేను సూదులు ఇవ్వనవ్వా. రోగుల చీము, రక్తం, ఉమ్మి మా ల్యాబుకు వస్తాయి. అందులో ఏ క్రిమి ఉందో చిన్న పళ్లాల్లో పెంచి చూస్తాం. ఏ మందుకు చస్తుందో చూసి డాక్టరుకు చెబుతాం. అంతే నా ఉద్యోగం. రోగి ముఖం చూడను.

అన్న పుండులో ఉన్న క్రిములు మందులకు లొంగలేదు. ఆత్మారాం ఇచ్చిన వాటికి లొంగలేదు, నిజామాబాదులో మొదట ఇచ్చిన వాటికీ లొంగలేదు. మందులకు అలవాటుపడ్డాయి అనుకో. దేనికి లొంగుతాయో తెలిసేసరికి రక్తంలోకి పాకాయి. ఇంతకన్నా ఇవాళ రాయలేను. రోజంతా అవే పళ్లాలు చూసి వచ్చాను. కళ్లు మూసినా అవే.

ఆ సీసాలో గోలీలు కొన్నాళ్లు ఎవరికీ ఇవ్వకు. ఎందుకో నెమ్మదిగా చెబుతాను.

బాపు బీపీ గోలీలు మరచిపోనియ్యకు. కెజియాకు నా ముద్దు.

దీవెన


ఎడపల్లి
4 ఫిబ్రవరి 2024

పిట్టా,

నీ ఉత్తరం నవతతో మళ్లీ చదివించుకున్నాను. ఆ సీసా సంగతి మాత్రం నాకు నచ్చలేదు. ఎందుకివ్వొద్దో రాయలేదు. పట్నం పోయాక మన చర్చి చేసే పని చిన్నగా కనబడుతోందా? మొన్న ఒకామె వచ్చి జలుబుకు గోలీ అడిగితే లేదనలేక ఇచ్చాను. ఆమె నా చేతులు పట్టుకుని, "నీ కొడుకు ఆత్మకు శాంతి దొరకాలె" అని పోయింది. దాన్ని ఎట్లా ఆపమంటావు?

నువ్వు రాసిన అలవాటు సంగతి ఆత్మారామును అడిగాను. బండి ఆపి మంచిగా చెప్పాడు. "గది ఒంటికి అలవాటైతది సాయవ్వా. ఎక్కువ మింగితే ఒళ్లు మందును లెక్కచెయ్యది. మీ జాన్సన్‌ది గట్లనే అయింది. రక్తంల పోతది గది, ఇంటోళ్లందరు పైలం" అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. నువ్వు చెప్పలేక చెప్పలేక చెప్పింది ఇదేనని.

అర్థం కావడం మంచిదే అయింది బిడ్డా. పోయిన వారం కెజియాకు నిమ్ము చేసింది. రొమ్ము గురగురమని, పక్కటెముకలు లోపలికి పోయేటట్టు ఊపిరి తీసింది. బోధన్ పిల్లల డాక్టరు దగ్గరకు ఎత్తుకుపోయాం. పొడిలో నీళ్లు కలిపే మందు సీసా ఇచ్చాడు, అయిపోయేదాకా పొయ్యమన్నాడు. రెండు మూడు రోజులకే జ్వరం దిగింది, అన్నం అడిగింది. నేను వెంటనే మందు ఆపేశాను. మీ అన్న రక్తమే కదా ఆ పిల్లది. ఇప్పుడే అంతా పోసి అలవాటు చేస్తే రేపు పెద్ద జబ్బు వచ్చిననాడు ఏ మందు పనిచేస్తుంది? మందు బలం ఆమె కోసం దాచిపెట్టాను.

నవత నాతో పోట్లాడింది. "డాక్టరు ఆఖరు దాక పొయ్యమన్నడు అత్తమ్మా" అని. "నువ్వు నిన్నమొన్న వచ్చిన దానివి, ఈ ఇంటి రక్తం సంగతి నీకేం ఎరుక" అన్నాను. అనకూడదు. కానీ ఒకరిని పోగొట్టుకున్నాక నోరు ఆగడం లేదు.

ఈసారి నేను జాగ్రత్తపడ్డాను. నువ్వు దిగులు పెట్టుకోకు.

నీ అవ్వ


హైదరాబాద్
9 ఫిబ్రవరి 2024

అవ్వా,

నీ ఉత్తరం అందిన నిమిషాన ఫోను చేశాను. నేను అరిచాను, నువ్వు పెట్టేశావు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. "అన్నను పోగొట్టుకున్నది చాలదా?" అన్నాను కదా, భయంతో అన్న మాట అది. వదినకు చెప్పాను, పిల్లను మళ్లీ డాక్టరుకు చూపించమని. నువ్వు మూతపెట్టి దాచిన మందు మళ్లీ పొయ్యొద్దు. నీళ్లు కలిపాక అది నిలవుండదు.

పోయిన ఉత్తరంలో బద్ధకించి ముక్తసరిగా రాశాను. ఇప్పుడు మొదటి నుంచి రాస్తాను, ఓపికగా చదువు.

గోలీకి పుండు ఎక్కడుందో తెలియదు. అది రక్తంలో కలిసి కాలవ నీళ్లు చేనంతా పారినట్టు ఒళ్లంతా పారుతుంది. క్రిమి చుట్టూ ఒక గోడ ఉంటుంది. మన ఒంటిలో దేనికీ అలాంటి గోడ లేదు. కొన్ని మందులు ఆ గోడ కట్టనివ్వవు. గోడ బలహీనమైతే క్రిమి ఉబ్బి పగిలిపోతుంది. మనకు ఆ గోడే లేదు కనుక మనల్ని ముట్టదు. ఇంకొన్ని మందులు క్రిమి లోపల జరగాల్సిన పనులు ఆపుతాయి, పిల్లల్ని పెట్టనివ్వవు. తీరు ఏదైనా, మందు కొట్టేది క్రిమిని, మనిషిని కాదు.

ఇప్పుడు చెరుకు తోటలో గడ్డిమందు కొట్టడం గుర్తు తెచ్చుకో. కొట్టగానే గడ్డి ఎర్రబడుతుంది. పైకి చూస్తే అంతా పోయినట్టే. కానీ మొదళ్లలో అక్కడక్కడ మందుకు ఓర్చుకునే మొండి మొక్క ఒకటి ఉంటుంది. అది ముందు నుంచే కొంచెం తేడాగా పుట్టింది. చుట్టూ ఉన్నవి చచ్చిపోయాయి కనుక ఎండ, నీళ్లు, ఎరువు అన్నీ దానికే. అది గింజ వేస్తే వచ్చే పంటకారులో మొలిచేదంతా మొండి గడ్డే. అదే మందు మళ్లీ కొడితే నవ్వుతుంది. నువ్వే అనేదానివి కదా, "ఈ తుంగకు మందంటే మజ్జిగ తీరు అయింది" అని.

అలవాటయ్యేది చేనుకు కాదవ్వా, గడ్డికి. మొండిదయ్యేది మన ఒళ్లు కాదు, క్రిమి. అన్న రక్తంలో ఏ దోషమూ లేదు, కెజియా రక్తంలోనూ లేదు. ఆత్మారాం చెప్పింది తప్పు. మందు బలం దాచిపెట్టేది కాదు. జ్వరం దిగినంత మాత్రాన క్రిములన్నీ పోయినట్టు కాదు, లోపల ఇంకా మిగిలి ఉండొచ్చు. మందు ఎప్పుడు ఆపాలో చూసిన డాక్టరు చెప్పాలి, మనం కాదు.

సీసా వద్దన్నది కూడా ఇందుకే. ఎవరి జబ్బుకో ఇచ్చిన గోలీ ఇంకెవరో చాలీచాలకుండా మింగుతారు. ఇచ్చిన వాళ్లకూ మందు తక్కువ, పుచ్చుకున్న వాళ్లకూ తక్కువ. జలుబు చేసేది అసలు వేరే జాతి క్రిమి, ఈ మందులు దానికి తగలనే తగలవు. ఊరికే పొట్టలో ఉన్న మంచి క్రిములు చచ్చి మొండివాటికి జాగా దొరుకుతుంది.

పిల్ల ఎట్లుందో వెంటనే చెప్పు. ఉత్తరం వద్దు, ఫోను చెయ్యి.

దీవెన


ఎడపల్లి
13 ఫిబ్రవరి 2024

దీవెనకు,

అందింది. నువ్వు రాసింది అంతా అర్థమైంది. గడ్డి నాకు అర్థం కాకపోవడమేమిటి, నడుము వంగిందే గడ్డి పీకి.

మందు చాలకపోతే మొండిది మిగులుతుంది. మీ అన్న మందు చాలకుండా చేసింది ఎవరు? పిడికెడు తీసింది ఎవరు? సీసా నాది, ఆలోచన నాది, తీసుకున్న చెయ్యి నాది. ఇంత పొడుగు ఉత్తరంలో చేను, గడ్డి, గోడ అని తిప్పి తిప్పి రాసే బదులు, అవ్వా నీ కొడుకును నువ్వే చంపుకున్నావని ఒక్క ముక్క రాస్తే సరిపోయేది. ఫోనులో అన్నావుగా సగం.

కన్నదాన్ని. తినకుండా పెట్టినదాన్ని. నాకు నువ్వు గడ్డిపాఠం చెప్పావు.

పిల్ల బాగుంది. ఇక రాయకు. నాకు చదివే ఓపిక లేదు.

సాయవ్వ


హైదరాబాద్
17 ఫిబ్రవరి 2024

అవ్వా,

రాయకన్నావు, రాస్తున్నాను. చదవకపోతే వదినతో చదివించుకో, లేకపోతే పొయ్యిలో వెయ్యి.

నువ్వు చదివిన మాట నేను రాయలేదు. అది నాకు తెలియదు కనుక రాయలేదు. నిన్ను కాపాడడానికి కాదు, నిజంగానే తెలియదు. పుండులో దిగిన క్రిమి మొదటి రోజు నుంచే మొండిదై ఉండవచ్చు. మట్టిలోంచి వచ్చిందో, పుండుకు కట్టిన గుడ్డలోంచి వచ్చిందో, కట్టు కట్టిన చేతి నుంచి వచ్చిందో, వార్డులో పక్క మంచం నుంచి వచ్చిందో. అన్న ఒక్క గోలీ పక్కకు పెట్టకుండా అన్నీ మింగినా ఇదే జరిగేదేమో. జరిగేది కాదేమో. క్రిములు తమ మొండితనాన్ని పిల్లలకే కాదు, పక్కనున్న వేరే క్రిములకూ అందిస్తాయి. మీ సమాజంలో ఆడవాళ్లు ఒకరి దగ్గర ఒకరు కుట్లు నేర్చుకున్నట్టే. ఎక్కడ పుట్టిన మొండితనం ఎవరి ఒంటికి చేరుతుందో ఎవరూ పట్టుకోలేరు. కోళ్ల ఫారాల్లో వేసే మందు, జలుబు అనగానే రాసిచ్చే మందు, దుకాణంలో అడగగానే ఇచ్చే మందు, అన్నీ కలిసి చేసిన పని ఇది.

అన్న రిపోర్టు నా దగ్గరుంది. ఎన్నిసార్లు చూశానో. క్రిమి పేరుంది, పనిచేయని మందుల పేర్లున్నాయి. 'ఎవరి వల్ల' అనే గడి అందులో లేదవ్వా. ఉంటే నేను కూడా చూసేదాన్ని. నాకూ ఎవరినైనా తిట్టాలని ఉంది.

నేను అడిగేది ఒక్కటే. పోయినవాడి లెక్క మనం తేల్చలేం. ఉన్న పిల్ల సంగతి చెప్పు. బాగుంది అని రెండే మాటలు రాశావు. నువ్వు బాగున్న సంగతి ఎప్పుడూ రెండు మాటల్లో రాయవు.

నీ పిట్ట


నిజామాబాద్ దవాఖాన
24 ఫిబ్రవరి 2024

పిట్టా,

నర్సమ్మను అడిగి కాగితం తీసుకుని ఇక్కడే బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. నువ్వు నిన్న పొద్దున్నే బస్సెక్కి పోయావు. ఆ ముందు రోజంతా ఈ బెంచీకి ఆ చివర నువ్వు, ఈ చివర నేను కూర్చున్నాం. మధ్యలో నవత టిఫిన్ డబ్బా. నువ్వు పోయాక ఆ జాగా చూస్తే రాయాలనిపించింది. ఎదురుగా ఉంటే రాని మాట ఇట్లా వస్తుంది నాకు, ఏం చేయను.

నీకు పిల్ల బాగుందని రాసిన రోజే దానికి ఒళ్లు వెచ్చబడింది. దిష్టి అనుకున్నాను, మంచు అనుకున్నాను. నువ్వు చెప్పింది నిజమైతే మీ అన్న సంగతి కూడా నిజమవుతుంది కదా. అందుకని జ్వరాన్ని జ్వరం అనలేకపోయాను, నువ్వు చెప్పినట్టు డాక్టరుకు చూపిద్దామన్న నవతను కూడా ఆపాను. ఆఖరుకు నవత నన్ను అడగలేదు. పిల్లను భుజాన వేసుకుని ఆటో ఎక్కింది. "వస్తే రా అత్తమ్మా, లేకుంటే ఉండు" అంది. ఆ పిల్ల నోట అంత మాట నేను ఎప్పుడూ వినలేదు. వెనక నుంచి ఉరికి ఆటో ఎక్కాను. నీకు ఫోను చేసింది కూడా ఆమెనే.

ఆ వార్డే ఇచ్చారు. మీ అన్న మంచం కాదు, దాని ఎదురు వరుస. రక్తం తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు రావడానికి టైం పడుతుందన్నారు, అంతదాకా అందాజాగా, ఇది పనిచేయవచ్చని, ఒక మందు సూదిలో ఎక్కించారు. ఎందుకింత ఆలస్యమని నవత కోప్పడితే నర్సమ్మ, "అండ్ల పురుగు పెరగాలె కదమ్మా, పెరిగినంకనే కదా దేనికి సస్తదో తెలిసేది" అంది. అప్పుడు నాకు నీ పళ్లాలు గుర్తుకొచ్చాయి. ఎక్కడో ఒక గదిలో నీలాంటి ఆడపిల్ల ఒకతె మన కెజియా పళ్లెం చూస్తూ ఉందని అనుకున్నాను. ముఖం చూడదు, పేరు ఎరుగదు. ఆమె కోసం ప్రార్థన చేశాను బిడ్డా. ఇన్నాళ్లు నీ పని కోసం ఎన్నడూ చేయలేదు.

నువ్వు బస్సెక్కిన నాటి మధ్యాహ్నమే రిపోర్టు వచ్చింది. మనం ముందు పోసిన మందు పనిచేయదట. వేరేవి పనిచేస్తాయట. మందు మార్చారు. ఈరోజు జ్వరం లేదు. మీ బాపు చూడ్డానికి వస్తే, "తాతా, నీకంటె నాకే ఎక్కువ సూదులు పడ్డయి" అని గొప్పలు చెబుతోంది. ఆయన నవ్వాడు. క్రిస్మసు నాడు కూడా నవ్వని మనిషి.

ముందు పోసిన మందు ఎందుకు పనిచేయలేదని నేను డాక్టరును అడగలేదు. నేను సగంలో ఆపినందుకా, ముందే మొండిదా అని. నువ్వు ఆ గడి లేదన్నావు కదా. ఉందో లేదో చూసుకోను. చూసుకుంటే ఈ పిల్లను ఎత్తుకోలేను.

పక్క మంచం ముసలామె వాళ్ల అల్లుడి గోలీల పత్తాను కత్తెరతో సగానికి కత్తిరించి ఊరికి పోయేవాళ్ల చేతికి ఇచ్చింది. వద్దని నోటిదాకా వచ్చింది. చెప్పడానికి నేనెవరినని మింగేశాను.

కరెంటు పోయింది. నర్సమ్మ పెన్ను అడుగుతోంది.

అవ్వ


హైదరాబాద్
28 ఫిబ్రవరి 2024

అవ్వా,

కెజియా ఇంటికి వచ్చిందని వదిన ఫోటో పంపింది. బుగ్గలు పోయాయి గాని కళ్లు తిరిగి వచ్చాయి. ఇంటి దగ్గర పొయ్యమని ఇచ్చిన మందు చెప్పినన్ని రోజులు పొయ్యండి.

నువ్వు ప్రార్థన చేశానని రాసిన ముక్క ల్యాబులో సాహిత్యకు చదివి వినిపించాను. నా పక్కన పనిచేస్తుంది, కోటగిరి అమ్మాయి, వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి కాలవ కింద భూములు చేసుకున్నారు. "మన కోసం కూడా ప్రార్థన చేసేవాళ్లున్నారా!" అని నవ్వింది, తర్వాత ముఖం తిప్పుకుంది. మా దగ్గరికి వచ్చేవి తిట్లే, రిపోర్టు ఆలస్యమని.

సీసా సంగతి ఇక నేను చెప్పను. ఒకటే చెబుతాను. తీసేయాలనుకుంటే కాలవలో పారబోయకు, పెంటలో వేయకు. నీళ్లలో, మట్టిలో ఉన్న క్రిములు కూడా ఆ మందు రుచి మరిగి మొండివవుతాయి. దవాఖానలో మందులిచ్చే కిటికీ దగ్గర అడుగు, తీసుకుంటారేమో. అక్కడ వాళ్లు వద్దంటే నా దగ్గరికి పంపు.

ఇవ్వకూడదని మీ సమాజంలో చెప్పగలిగేది నువ్వొక్కదానివే అవ్వా. నేను వచ్చి చెబితే పట్నం పోరి నీతులు చెప్తుందంటారు. కానీ నీకు చెప్పే ఓపిక లేకపోతే వద్దు. ఆ మాట కూడా నిజంగానే అంటున్నాను.

పిట్ట


ఎడపల్లి
9 మార్చి 2024

నా పిట్టా,

చెప్పాను.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం కూర్చుంది. సెక్రటరీ జ్యోతిరాణి బియ్యం కొలుస్తోంది. నేను లేచి, కిటికీలోని సీసా దించి ఒళ్లో పెట్టుకుని, ఇకనుంచి గోలీలు వేయొద్దు, తీసుకోవద్దు అన్నాను. నువ్వు రాసిందంతా చెప్పబోయాను. గోడ మరచిపోయాను, గడ్డి దగ్గర తడబడ్డాను. జ్యోతిరాణి కొలత ఆపి, "నీ కొడుకు పోయిండని మా పిల్లల నోటికాడి మందు గుంజుకుంటవా సాయవ్వా?" అంది. అయ్యగారి భార్య అమ్మగారు కూడా తల దించుకున్నారు.

నాకు కోపం రాలేదు బిడ్డా. కోపానికి కూడా బలం కావాలి. ఉన్నమాట నోట్లోకి వచ్చింది. "గుంజుకుంట. బియ్యంల నుంచి పిడికెడు తీస్తే మిగిలినయి ఉడుకుతయి. మందుల నుంచి పిడికెడు తీస్తే మిగిలింది ఉడకది, పచ్చిగనే ఉంటది. నా ఇంట్ల చూసిన. మీ ఇండ్లల్ల చూడదల్చుకోలే" అన్నాను. "మరి గతిలేనోళ్లు ఏం గావాలె?" అని ఎవరో అన్నారు. "నన్ను పిలువుండ్రి, దవాఖానకు తోడొస్త. లైన్ల నేను నిలబడ్త" అన్నాను. అనేశాను గాని, నా మోకాళ్లకు లైన్లు పడతాయా అని ఇంటికి వచ్చాక ఆలోచించాను.

జ్యోతిరాణి నాతో మాట్లాడడం లేదు. ఇంకొందరు కూడా. అయ్యగారు మాత్రం ఇంటికి వచ్చి, "ఆ రోజు మెచ్చుకున్నది నేనే కదమ్మా" అని చెప్పి పోయారు.

సీసాను బోధన్ దవాఖానలో ఇచ్చాను. మందుల కిటికీలో ఉన్నాయన ముందు విసుక్కున్నాడు, తర్వాత లోపల అడిగి వచ్చి తీసుకున్నాడు. కాల్చేదాంట్లో వేస్తారట. మీ అన్న తుంపి ఇచ్చిన పత్తా ముక్క ఒకటి అందులో ఉంది. అది ఇవ్వలేకపోయాను. నా ట్రంకు పెట్టెలో వాడి అంగీ జేబులో పెట్టాను. ఎవరికీ ఇవ్వను, నువ్వు భయపడకు. కోపం చేయకు.

ఇంకో సంగతి. కాలవ పక్క తోటలో చెరుకు కొట్టేవాళ్లు గుడిసెలు వేసుకున్నారు, నాందేడ్ దిక్కు నుంచి వచ్చినవాళ్లు. అందులో సవిత అని నవత వయసు పిల్ల. పాదానికి కత్తి తగిలింది. సీసా ఉందని ఎవరో చెబితే కుంటుకుంటూ మన ఇంటికి వచ్చింది. ఆ పాదం మీ అన్న కాలు తీరే ఉంది. వాపు అట్లాగే, ఎరుపు అట్లాగే. ఒక్క క్షణం ఆ పెట్టె దిక్కు చూశాను, అబద్ధమెందుకు. తర్వాత చెప్పులు వేసుకున్నాను. వాళ్ల ముఠా మేస్త్రీ కోత ఆగుతుందని అడ్డం వచ్చాడు. "పని ముఖ్యమా, పానం ముఖ్యమా?" అంటే, "రెండూ ముఖ్యమే అవ్వా, రెండూ చూసుకొమ్మని నాకే చెప్పిండ్రు" అన్నాడు. వాడి బాధ వాడిది. అయినా ఆటో పిలిచాను.

దవాఖానలో కడిగి కట్టు కట్టారు, సూది ఇచ్చారు, గోలీలు ఇచ్చారు. ఇప్పుడు రోజూ పొద్దున, పొద్దూకి ఆ గుడిసెల దగ్గరకు పోతున్నాను. ఆమె గోలీ మింగేదాకా నిలబడతాను. నొప్పి తగ్గగానే ఆమె కూడా పత్తా మడిచి కొంగున కట్టుకుంది, "ఆతా బరం ఆహే మావ్‌శీ" అని. ఇప్పుడు బాగుందట. కొంగు విప్పించాను. నోరు తెరిచి చూపించమన్నాను. చిన్నపిల్లలా నాలుక బయట పెట్టి నవ్వింది. మింగిందో లేదో చూసి వెనక్కి తిరిగాను.

నాకెందుకింత పట్టింపని అడిగింది. మీ అన్న సంగతి చెప్పలేదు. చెప్పినా మన మాట ఆమెకు సగమే అర్థమవుతుంది. పుండు మానుతోంది. నిన్న చూస్తే అంచులు దగ్గరకు వచ్చాయి, ఎరుపు విరిగింది. మానుతున్న పుండు ఇట్లా ఉంటుందని తెలిసింది నాకు. చాలాసేపు చూశాను. అక్కడ నుంచి ఇంటికి వచ్చేసరికి బాగా అలసిపోయి పడుకున్నాను. పడుకుంటే నిద్ర వచ్చింది. ఎన్ని రోజులకో.

నవత ఇప్పుడు నాతో మాట్లాడుతోంది. కెజియాకు మందు తనే పోస్తుంది, నేను చెంచా కడుగుతాను. ఆ ఒప్పందం మీద ఉన్నాం.

నువ్వు బెంచీ మీద కూర్చున్నప్పుడు చూశాను. మెడ దగ్గర ఎముకలు కనబడుతున్నాయి. పళ్లాలు చూస్తూ పూట దాటవేస్తున్నావు. సాహిత్యను కూడా పిలుచుకుని ఇద్దరూ వేళకు కూర్చుని కడుపునిండా అన్నం తినండి.

నీ అవ్వ